దెబ్బ ఒకచోట, విరిగేది ఇంకోచోట
(ఒక సైన్స్ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. ఇవాళ స్లైడ్లు ఏమీ తేలేదు. మాట్లాడుకుందాం. ముందు ఒక తీగ గురించి చెబుతాను.

పైన గట్టిగా బిగించిన ఇనుప తీగ ఒకటి నిలువుగా వేలాడుతోంది అనుకోండి. దాని అడుగున చిన్న బిళ్ల బిగించి ఉంది. మధ్యలో రంధ్రం ఉన్న ఒక బరువును ఆ తీగకే పూసలా గుచ్చి, పైకెత్తి వదిలేస్తాం. బరువు తీగ వెంట జారి వచ్చి అడుగు బిళ్ల మీద ధన్‌మని పడుతుంది. దెబ్బ గట్టిదైతే తీగ తెగుతుంది. ఎక్కడ తెగుతుంది?

(సభలోంచి: "కిందే!")

చాలామంది కిందే అంటున్నారు. నేను కూడా చదువుకునే రోజుల్లో అదే చెప్పాను. 1872లో జాన్ హాప్కిన్సన్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఈ ప్రయోగం చేసి చూశాడు. ఆయన తీగలు చాలాసార్లు పైన తెగాయి. అంటే బిగించిన చోట, దెబ్బకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట. ఇంకో వింత కూడా ఆయనకు కనబడింది. తీగ తెగాలంటే బరువును ఎంత ఎత్తు నుంచి వదలాలి అన్నది, ఆ బరువు ఎంత అన్నదాని మీద దాదాపు ఆధారపడలేదు. పెద్ద బరువైనా, కాస్త చిన్న బరువైనా ఇంచుమించు అదే ఎత్తు కావాల్సి వచ్చింది. తీగను తెంపుతున్నది బరువు కన్నా వేగమే అని తేలింది.

దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. ఒక కర్రను ఈ చివర నెడితే ఆ చివర కూడా అదే క్షణంలో కదిలిందని మనకు అనిపిస్తుంది. నిజానికి కదలదు. ఈ చివరనున్న అణువులు పక్క అణువులను నెట్టాలి, అవి వాటి పక్కవాటిని నెట్టాలి. అలా కబురు ఒకరి నుంచి ఒకరికి చేరాలి. ఉక్కులో ఆ కబురు సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది. ఉక్కులో ధ్వని వేగం అంటే అదే. ధ్వని అనగానే చెవికి వినిపించేది అని అనుకుంటాం కానీ, ఒక పదార్థంలో ఈ మూల జరిగింది ఆ మూలకు తెలియడానికి ఉన్న దారి అది.

బరువు వచ్చి బిళ్ల మీద పడింది. సెకనులో పది లక్షో వంతు గడిచింది. ఈలోగా కబురు పాకింది అర సెంటీమీటరే. ఆ అర సెంటీమీటరు తీగే ఇప్పుడు దెబ్బ మొత్తాన్ని మోస్తోంది. పైనున్న తీగంతా ఇంకా నిమ్మళంగా ఉంది, దానికి ఏమీ తెలియదు.

అక్కడ పుట్టే ఒత్తిడికి లెక్క చాలా చిన్నది. పదార్థం సాంద్రత, దానిలో ధ్వని వేగం, తాకిడి వేగం, ఈ మూడింటినీ గుణిస్తే చాలు. ఉక్కు తీగ చివరను సెకనుకు 10 మీటర్ల వేగంతో ఒక్కసారిగా లాగితే దాదాపు 400 మెగాపాస్కల్ వస్తుంది. వాతావరణ పీడనానికి సుమారు 4 వేల రెట్లు. నిర్మాణాల్లో వాడే మామూలు ఉక్కు 250 దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. 10 మీటర్ల వేగం అంటే అయిదు మీటర్ల ఎత్తు నుంచి పడ్డ ఏ వస్తువుకైనా వచ్చేదే, అదేమీ తుపాకీ గుండు వేగం కాదు. గమనించారా, ఈ లెక్కలో బరువు ఎక్కడా రాలేదు. ఒత్తిడి ఎంతసేపు నిలుస్తుందన్నది బరువు చెబుతుంది, ఎంతకు లేస్తుందన్నది వేగం చెబుతుంది.

మరి పైన ఎందుకు తెగింది? కబురు పై చివరకు చేరింది. అక్కడ తీగ బిగించి ఉంది, కదలడానికి వీల్లేదు. తరంగం వెనక్కి తిరగాల్సిందే. వచ్చే తరంగమూ తిరిగి వెళ్లే తరంగమూ అక్కడ ఒకదాని మీద ఒకటి పడి, ఒత్తిడి రెండింతలవుతుంది. గట్టు గోడకు తగిలిన అల గోడ దగ్గర ఎంత ఎత్తు లేస్తుందో చూసే ఉంటారు. కిందున్న తీగ ఓర్చుకున్న దెబ్బను పైన తీగ ఓర్చుకోలేకపోయింది. వేగం ఇంకా పెంచితే అప్పుడు కిందే, దెబ్బ తగిలిన చోటే తెగుతుంది. తరంగం పైకి చేరే అవకాశం కూడా ఉండదు.

ఈ ప్రయోగం అంటే నాకు చాలా గౌరవం. అప్పట్లో వేగమైన కెమెరా లేదు, ఎలక్ట్రానిక్స్ లేదు. తీగ, బరువు, కొలబద్ద. ఇంత చిన్న సరంజామాతో, లోపల సెకనులో వేలో వంతు కాలంలో జరిగేదాన్ని ఆయన పట్టుకున్నాడు.

ఇంతవరకూ చెప్పింది మామూలు తరంగం. ఇప్పుడు షాక్ వేవ్ దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో ఆఘాత తరంగం అని రాస్తారు.

ఇరుకు దారిలో జనం వరసగా నడుస్తున్నారు. వెనకవాళ్లు ముందువాళ్ల కన్నా వేగంగా నడిస్తే ఏమవుతుంది? కాసేపటికి అందరూ వచ్చి ముందువాళ్ల వీపుకు ఆనుకుంటారు. వరస మొదట్లో జనం గోడలా తయారవుతారు. పదార్థంలోనూ అంతే. బాగా నొక్కుకుపోయిన పదార్థం గట్టిపడుతుంది, దానిలో ధ్వని ఇంకా వేగంగా వెళ్తుంది. అందుకని తరంగంలో వెనకనున్న గట్టి భాగం, ముందున్న మెత్తని భాగాన్ని తరుముకుంటూ వచ్చి కలుస్తుంది. చివరికి తరంగం ముఖం నిట్టనిలువు గోడ అవుతుంది. ఆ గోడకు ఇటు మామూలు లోహం, అటు లక్షల వాతావరణాల పీడనంలో ఉన్న లోహం. గట్టి షాక్‌లో ఇటు నుంచి అటు మారడానికి పట్టే కాలం సెకనులో వంద కోట్లో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ.

ఈ గోడ లోపల ఏం జరుగుతుందో తెలియకపోయినా లెక్క వేయవచ్చని 1870లో రాంకిన్, 1887లో హ్యూగోనియో అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చూపించారు. గోడలోకి వెళ్లిన పదార్థమే బయటికి రావాలి, బలం లెక్క సరిపోవాలి, శక్తి లెక్క సరిపోవాలి. అంతే. ఆ లెక్కలోంచి ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది. ఒకే పరిమాణానికి నెమ్మదిగా నొక్కినప్పటి కన్నా షాక్‌తో నొక్కినప్పుడు పదార్థం చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పీడనం తీసేశాక కూడా ఆ వేడి కొంత లోపలే ఉండిపోతుంది. దెబ్బ గట్టిదైతే, రాయి నొక్కుకున్నప్పుడు కాక, పీడనం పోయి వదులయ్యేటప్పుడు కరుగుతుంది, ఆవిరి కూడా అవుతుంది.

వేడి కూడా ఒక కబురే, కాకపోతే చాలా నెమ్మదైన కబురు. 1870ల్లో ఫ్రాన్సులో ట్రెస్కా అనే ఇంజనీరు ప్లాటినం-ఇరిడియం కడ్డీని సమ్మెటతో కొట్టిస్తున్నాడు. కడ్డీ ఇంకా ఎర్రబడేంత వేడిగా లేదు. కానీ దెబ్బ పడ్డప్పుడల్లా దాని పక్క తలం మీద రెండు గీతలు ఇంటూ గుర్తులా ఎర్రగా మెరిసి మాయమయ్యేవి. లోహం ఆ గీతల వెంటే జారుతోంది, జారిన చోటే వేడి పుడుతోంది, ఆ వేడి పక్కకు పాకే వ్యవధి లేక అక్కడే పోగుపడుతోంది. వేడెక్కిన చోటు మెత్తబడి ఇంకా ఎక్కువ జారుతుంది. ఇది ఎందుకు జరుగుతుందో 1944లో జీనర్, హోలోమన్ అనే ఇద్దరు విడమరచి చెప్పారు. దెబ్బ తిన్న ఉక్కును కోసి, పాలిష్ చేసి, ఆమ్లంతో కడిగి మైక్రోస్కోపులో చూస్తే ఈ గీతలు తెల్లటి సన్నటి చారల్లా కనిపిస్తాయి. నేను చూసిన మొదటి చార వెంట్రుక కన్నా సన్నగా ఉంది. పగులు సరిగ్గా దాని మీదుగానే నడిచింది.

ఇనుము గురించి ఒక మాట. 1956లో అమెరికాలో బాంక్రాఫ్ట్, ఆయన సహచరులు ఇనుము మీద పేలుడు పదార్థంతో షాక్ పంపి, వెనక తలం ఎలా కదులుతోందో కొలిచారు. ఒక్క తరంగం రావాల్సిన చోట ఒకదాని వెనక ఒకటిగా విడిపోయిన తరంగాలు వచ్చాయి. సుమారు 13 గిగాపాస్కల్ దగ్గర, అంటే లక్షా ముప్పై వేల వాతావరణాల దగ్గర, ఇనుములో అణువుల అమరికే మారిపోతోందని వాళ్లు తేల్చారు. సెకనులో పది లక్షో వంతులో స్ఫటికం మొత్తం కొత్త వరసలోకి సర్దుకోవడం నమ్మశక్యంగా లేదని అనుమానించినవాళ్లు ఉన్నారు. తర్వాత కొన్నేళ్లకు నెమ్మదిగా నొక్కుతూ ఎక్స్-కిరణాలతో చూస్తే అదే పీడనం దగ్గర అదే మార్పు కనిపించింది. భూమి నడిబొడ్డున ఉన్న ఇనుము గురించి ఇవాళ మనం మాట్లాడే మాటలకు మొదలు ఇలాంటి ప్రయోగాల్లోనే ఉంది.

ఇక రాళ్లు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గుండ్రని గొయ్యి ఉంది. 1891లో గిల్బర్ట్ అనే పేరున్న భూవిజ్ఞాని వెళ్లి చూసి, ఇది భూమిలోపలి ఆవిరి పేలి ఏర్పడిందని తేల్చాడు. 1903 నుంచి బారింజర్ అనే గనుల ఇంజనీరు మాత్రం ఇది ఉల్క పడ్డ గొయ్యే, ఇనుప ఉల్క అడుగున ఉండి తీరాలి అని ఏళ్ల తరబడి తవ్వించాడు. ఉల్క అన్నమాట నిజం. కానీ ఇనుప గుట్ట దొరకలేదు. దొరకదు కూడా. సెకనుకు పది కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిన ఇనుములో చాలా భాగం ఆ దెబ్బకు కరిగి, చెదిరిపోయింది. అంత వేగంలో వస్తువు రాయిలోకి దిగబడి కూర్చోదు, పేలుతుంది.

సాక్ష్యం ఇనుములో కాక ఇసుకరాయిలో దొరికింది. ఇసుకరాయి అంటే ఎక్కువగా పలుగురాయి, క్వార్ట్జ్. 1953లో లోరింగ్ కోస్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో గొప్ప పీడనం కింద, రసాయనికంగా పలుగురాయే కానీ దానికన్నా బరువైన స్ఫటికాన్ని తయారు చేశాడు. ఆయన పేరు మీద దాన్ని కోసైట్ అన్నారు. అప్పటికి అది ప్రకృతిలో ఎక్కడా కనబడలేదు. 1960లో చావో, షూమేకర్, మాడ్సెన్ అనే ముగ్గురు అరిజోనా గొయ్యిలోని నలిగిన ఇసుకరాయిలో దాన్ని పట్టుకున్నారు. నేల పైపొరల్లో ఆవిరి పేలుళ్లు ఎన్ని జరిగినా అంత పీడనం రాదు. గిల్బర్ట్ వాదం అక్కడితో ముగిసింది. 1961లో స్టిషోవ్ అనే రష్యన్ యువకుడు ఇంకా దట్టమైన రూపాన్ని తయారు చేశాడు. మామూలు పలుగురాయి సాంద్రత నీటికి 2.65 రెట్లు అయితే దీనిది 4.3 రెట్ల దాకా ఉంటుంది. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉండాల్సిన చోట ఆరు సర్దుకుంటాయి. మరుసటి ఏడాదే, 1962లో, అది కూడా అదే గొయ్యిలో దొరికింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. పీడనం పోయాక ఆ స్ఫటికం మళ్లీ మామూలు పలుగురాయిగా ఎందుకు మారిపోలేదు? మారడానికి వ్యవధి కావాలి. అణువులు పాత చోటుకు తిరిగి వెళ్లాలంటే వేడీ సమయమూ రెండూ కావాలి. దెబ్బ ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా వెళ్లిపోయింది, రాయి చల్లారింది, అణువులు ఉన్నచోటే చిక్కుకుపోయాయి. సుమారు 50 వేల ఏళ్లుగా అలాగే ఉన్నాయి.

అంత మార్పు రాని గింజల్లో కూడా గుర్తు మిగులుతుంది. షాక్ తగిలిన పలుగురాయి గింజను పల్చగా కోసి చూస్తే, లోపల ఒకదానికొకటి సమాంతరంగా, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎడంతో, సన్నటి తలాలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. అవి స్ఫటికానికి సంబంధించిన నిర్దిష్టమైన దిశల్లోనే వస్తాయి. నెమ్మదిగా ఎంత నొక్కినా అలాంటివి రావు. 1980లో ఆల్వారెజ్ తండ్రీకొడుకులు, వాళ్ల సహచరులు డైనోసార్లు అంతరించిన కాలపు మట్టి పొరలో, నేల మీద అరుదుగానూ ఉల్కల్లో ఎక్కువగానూ ఉండే ఇరిడియం లోహం ఎక్కువగా ఉందని చూపించి, ఉల్కాపాతమే కారణం అన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. 1984లో అదే పొరలో ఈ గీతల పలుగురాయి గింజలు బయటపడ్డాయి. ఇరిడియం అగ్నిపర్వతాల నుంచి రావచ్చేమో అని వాదించవచ్చు, ఈ గీతలను అలా వివరించడం చాలా కష్టం. ఆ తర్వాత మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర, నేల కింద పూడిపోయిన సుమారు 180 కిలోమీటర్ల గొయ్యిని గుర్తించారు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి దెబ్బకు సాక్షి మిల్లీమీటరు కూడా లేని ఇసుక గింజ. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకొక రాయి. 1865లో బిహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర ఒక ఉల్క పడింది. 1872లో, అవును, హాప్కిన్సన్ తీగలు తెంపుతున్న అదే ఏడాది, వియన్నాలో చెర్మాక్ అనే ఖనిజ శాస్త్రవేత్త దాన్ని పరీక్షించాడు. అందులో ఒక ఖనిజం బయటికి స్ఫటికం ఆకారంలోనే ఉంది, అంచులు చెక్కు చెదరలేదు. లోపల చూస్తే గాజు. దానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. అది షాక్ వల్ల వచ్చిందని అర్థం కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. మన మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడ్డ లోణార్ సరస్సు గొయ్యిలోని నల్లరాళ్లలోనూ అది ఉంది. షేర్‌ఘాటీ రాయి కథ అక్కడితో ఆగలేదు. దాని జాతికే చెందిన మరో ఉల్క అంటార్కిటికాలో దొరికింది. షాక్‌కు కరిగి గడ్డకట్టిన దాని గాజులో చిక్కుకున్న వాయువులను 1983లో కొలిస్తే, అంగారకుడి మీద దిగిన అమెరికా వైకింగ్ నౌకలు కొలిచిన అక్కడి గాలితో సరిపోలాయి. ఆ గ్రహం నుంచి రాయిని ఎగరగొట్టిన దెబ్బే, ఆ గ్రహపు గాలిని కూడా రాయిలో బంధించి పంపింది.

(సభలోంచి ఒకరు: "నొక్కినప్పుడు ఇన్ని మార్పులు సరే. విరగడం ఎక్కడ వస్తుంది?")

మంచి ప్రశ్న. నొక్కుడు ఒక్కటే ఉంటే చాలా పదార్థాలు ఓర్చుకుంటాయి. విరగగొట్టేది లాగుడు. జాన్ హాప్కిన్సన్ కొడుకు బెర్ట్రామ్ హాప్కిన్సన్ తండ్రి వదిలిన చోట నుంచి ఈ పని అందుకున్నాడు. 1914లో ఆయన ప్రచురించిన పరిశోధనలో ఉక్కు పలకల మీద గన్‌కాటన్ అనే పేలుడు పదార్థాన్ని పేల్చిన ప్రయోగాలు ఉన్నాయి. పేలుడు జరిగింది ముందు వైపు. వెనక వైపు నుంచి, ఏమీ తగలని వైపు నుంచి, ఉక్కు చిప్ప ఊడి ఎగిరిపోయింది. తండ్రి తీగలో పై చివర బిగించి ఉంది కాబట్టి తరంగం రెండింతలై తిరిగింది. ఇక్కడ వెనక తలం ఖాళీ, దాన్ని ఆపేవాళ్లు లేరు. అలాంటి చోట నొక్కుతూ వచ్చిన తరంగం తలకిందులై, లాగే తరంగంగా వెనక్కి తిరుగుతుంది. లాగుడు ఉక్కు ఓర్పును మించిన లోతులో చిప్ప ఊడుతుంది. ఆయన నాలుగేళ్లకే, 1918లో, విమాన ప్రమాదంలో చనిపోయాడు. దెబ్బను పొడవాటి లోహపు కడ్డీలో నడిచే తరంగంగా పట్టి కొలిచే పద్ధతి కూడా ఆయనదే, దాన్ని 1949లో కోల్స్కీ అనే శాస్త్రవేత్త మెరుగుపరిచాడు. వేగంగా కొట్టినప్పుడు పదార్థం ఎంత బలంగా ఉంటుందో కొలవడానికి ఇవాళ్టికీ ప్రపంచమంతా ఆ కడ్డీలనే వాడుతోంది.

ఇదే సంగతి కిడ్నీ రాళ్ల చికిత్సలో ఉంది. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి ఒక మనిషిని నీళ్ల తొట్టిలో ఉంచి, నీళ్లలో షాక్ వేవ్ పుట్టించి, దాన్ని కిడ్నీలోని రాయి మీద కేంద్రీకరించారు. శరీరం ఎక్కువ భాగం నీరే కాబట్టి, నీళ్లలోంచి ఒంట్లోకి తరంగం పెద్దగా అడ్డు లేకుండా వెళ్తుంది. రాయి దగ్గరే అడ్డు తగులుతుంది. రాయిలోకి దూరిన భాగం వెనక తలం దగ్గర తిరగబడి లాగుడవుతుంది, రాయి లోపల నుంచి చీలుతుంది. నీటి బుడగలు పుట్టి పగలడం వల్ల కూడా రాయి కొరుక్కుపోతుంది. ఒక్క దెబ్బతో అయిపోదు, వెయ్యో రెండు వేలో కావాలి. కత్తి పెట్టకుండా రాయి పొడిగా మారి బయటికి వచ్చేస్తుంది.

మేలు చేసే దెబ్బలు ఇంకా ఉన్నాయి, గబగబా చెబుతాను. టైటానియాన్ని ఉక్కుతో మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పెళుసుగా వస్తుంది. రెండు పలకల మధ్య కొంచెం ఖాళీ వదిలి, పై పలక మీద పేలుడు పదార్థం పరిచి పేలిస్తే, పలకలు కోణంగా గుద్దుకుంటాయి. గుద్దుకున్న చోట పైపొర సన్నటి ధారలా బయటికి చిమ్మి, తుప్పునూ మురికినీ తుడిచేస్తుంది. శుభ్రమైన లోహం లోహాన్ని తాకి అతుక్కుపోతుంది. కోసి చూస్తే అతుకు అలలు అలలుగా ఉంటుంది. విమాన ఇంజన్ల బ్లేడ్ల మీద లేజర్ కొట్టి షాక్ పంపుతారు. పైపొర లోపలికి నొక్కుకుని ఉండిపోతుంది కాబట్టి పగులు నోరు తెరవలేదు. అంతరిక్ష నౌకలకు రక్షణగా ప్రధాన గోడకు కాస్త దూరంలో పల్చటి రేకు పెట్టాలని 1940ల్లోనే ఫ్రెడ్ విపుల్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. సెకనుకు 7 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒక గ్రాము ముక్కలో, ఒక గ్రాము టీఎన్‌టీ పేలుడు పదార్థంలో ఉన్న శక్తికి దాదాపు ఆరు రెట్లు ఉంటుంది. అంత ముక్క పల్చటి రేకును తాకగానే దానిలోనే షాక్ నడిచి, అది తునాతునకలై, కరిగి, మబ్బులా విచ్చుకుంటుంది. గోడ మీద పడేసరికి ఒక్కచోట పడాల్సిన దెబ్బ విశాలంగా పరుచుకుంటుంది.

చివరగా ఒక ఎర్రటి గాజు ముక్క గురించి చెప్పి ఆపుతాను. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణు పేలుడు జరిగింది. అక్కడి ఇసుక కరిగి గాజయింది. ఎక్కువగా ఆకుపచ్చ గాజు, అరుదుగా ఎరుపు. ఆ ఎరుపు రాగి వల్ల వచ్చింది. పేలుడును కొలిచే పరికరాలకు వేసిన రాగి తీగలు ఆవిరై ఇసుకతో కలిశాయి. 2021లో ఆ ఎర్ర గాజులోని ఒక చిన్న లోహపు చుక్కలో క్వాసీక్రిస్టల్ ఉన్నట్టు ప్రకటించారు. సిలికాన్, రాగి, కాల్షియం, ఇనుము కలిసిన పదార్థం. అందులో అణువులు ఒక క్రమంలోనే ఉన్నాయి, కానీ ఆ క్రమం ఎక్కడా తిరిగి అచ్చంగా రాదు. మామూలు స్ఫటికాల్లో ఎన్నడూ వీలుపడని అయిదు వైపుల సౌష్ఠవం అందులో ఉంది. షెక్ట్‌మన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఇలాంటి పదార్థాన్ని మొదట చూసింది 1982లో. ఎడారి గాజులోని చుక్క అంతకు 37 ఏళ్ల ముందే, ఎవరూ అనుకోకుండా, దెబ్బను కొలవడానికి వేసిన తీగలోంచే పుట్టింది. 75 ఏళ్లకు పైగా ఎవరికీ తెలియకుండా అలా ఉండిపోయింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.